పక్కగది ఆపా పంపిన పంపరపనస

ఆపా పోయిందన్న ఫోను నాకు రాలేదు. మా ఆయనకు వచ్చింది. ఇది చదివేవాళ్ళకు నా మీద మంచి అభిప్రాయం కలగకపోవచ్చు గానీ, ఆ కబురు విన్నప్పుడు నాకు ముందు కలిగింది దుఃఖం కాదు, కుళ్ళు. ఆమె కోడలి దగ్గర నా నంబరు ఉంది. నేను తట్టుకోలేనేమోనని, ఆయన చేత నెమ్మదిగా చెప్పిద్దామని ఆ అమ్మాయి ఆయనకు చేసింది. ఆయన అప్పుడు ఆత్మకూరు బస్టాండులో ఉన్నాడు. అక్కడినుంచి డిపోకు నడిచొచ్చి నా బల్ల ముందు నిలబడ్డాడు.

"ఆపా పోయిందంట" అన్నాడు.

"నీకెవరు చెప్పినారు?" అన్నాను.

ఎప్పుడని అడగలేదు, ఎట్లా అని అడగలేదు. ఆయన ఒక్క క్షణం నావైపు చూసి, నా సంచి అందుకున్నాడు. ఉదయగిరి బస్సెక్కి కూర్చున్నాక మిగతాది చెప్పాడు. జ్వరమొచ్చిందట. ఊపిరితిత్తులకు పాకిందట. నెల్లూరు తీసుకుపోతుంటే కలిగిరి దగ్గరే ప్రాణం పోయిందట. ఆ పొద్దున ఆమె ఫోను రాలేదని నేను మూతి ముడుచుకుని టీ తాగకుండా డ్యూటీకి వచ్చాను. ఆ సమయానికి ఆమె కారులో వెనక సీట్లో పడుకుని ఉందన్నమాట.

ఆపా అంటే అక్క. నాకు రక్తసంబంధం లేదు. ఆమె ఉదయగిరిలో చెక్కతో గరిటెలు, స్పూన్లు, దువ్వెనలు చేసే మనిషి. నేను ఆత్మకూరు డిపోలో కండక్టర్ని. జబ్బు పడకముందు చాలాకాలం ఉదయగిరి బస్సులోనే తిరిగాను. ఆమె నా బస్సు ఎన్నిసార్లు ఎక్కి ఉంటుందో, నా చేతి టికెట్టు ఎన్నిసార్లు తీసుకుని ఉంటుందో ఇద్దరికీ గుర్తులేదు. మేం కలుసుకున్నది మాత్రం చెన్నైలో, ఒక పెద్దాసుపత్రిలో, మూలుగ మార్పిడి చేసే వార్డులో. కలుసుకున్నాం అనడం కూడా తప్పే. అక్కడ ఎవరి గది వాళ్ళది. తలుపులో చిన్న గాజు పలక ఉంటుంది. బయటి గాలి లోపలికి రాకూడదు, లోపలి మనిషి బయటికి పోకూడదు.

మా ఇద్దరిదీ రక్తం జబ్బే. పాత మూలుగను మందులతో పూర్తిగా చంపేసి, ఇంకొకరి మూలుగ నుంచి తీసిన కణాలను సెలైన్ ఎక్కించినట్టు ఎక్కిస్తారు. అవి ఎముకల్లోకి చేరి పట్టుకుని కొత్త రక్తం పుట్టించేదాకా మనిషి ఒంట్లో ఏమీ ఉండదు. పసిబిడ్డ ఊదినా జబ్బు చేస్తుంది. నాకు మా అన్న ఇచ్చాడు. అన్నది సగమే సరిపోయింది. ఆపాకు వాళ్ళ చెల్లెలిది పూర్తిగా సరిపోయింది. నా కుళ్ళు మొదలైంది అక్కడే.

ఆమె నా పక్కగదిలోకి వచ్చిన రోజు నేను మనిషిని చూడలేదు, గొంతు విన్నాను. తమిళం వార్డులో ఒక్కసారిగా మన పడమటి నెల్లూరు తెలుగు.

"ఇదేంది మ్మే, ఇడ్లీనా ఇది? దూది!"

మా ఆయన ఎగిరి గంతేసినంత పనిచేశాడు. రోగుల తాలూకు మనుషులు వండుకునే వంటగది ఒకటి ఉండేది. అక్కడ ఆపా కోడలిని పలకరించి, ఊరు కనుక్కుని, నంబరు పట్టుకొచ్చాడు. సాయంత్రానికి ఫోను మోగింది.

"ఆత్మకూరంట గదా నువ్వు?"

"అవునండీ."

"అండీ ఏంది, ఆపా అను. ఏం పని?"

"కండక్టర్ని."

"ఓరి! నీ బస్సులోనేనా నేను నిలబడి నిలబడి కాళ్ళు పోగొట్టుకునింది? ఒక్కనాడన్నా సీటు ఇప్పించినావా?"

ఆమె నవ్వింది. నాకు నవ్వే ఓపిక లేదు. నవ్వగలిగిన మనిషి పక్కగదిలో ఉందని మాత్రం తెలిసింది.

మా ఇద్దరికీ ఒకే వారంలో కణాలు ఎక్కించారు. అప్పటినుంచి రోజూ పొద్దున డాక్టర్లు వచ్చిపోగానే ఆపా ఫోను. తెల్లకణాల లెక్కనే అక్కడ అందరూ కౌంట్లు అంటారు.

"నీకెంత?" అనేది.

"సున్నా" అనేదాన్ని. "నీకు?"

"నాకూ సున్నానే. రేపు చూద్దాంలే."

ఇద్దరికీ సున్నా ఉన్నంతకాలం ఆమె నాకు ఎంతో దగ్గరి మనిషిగా అనిపించింది. ఒకనాడు ఆమె కొంచెం ఆగి చెప్పింది, కౌంట్లు కదిలాయని. నావి కదల్లేదు. "మంచిది ఆపా" అన్నాను. ఫోను పెట్టేసి గోడవైపు తిరిగి పడుకున్నాను. ఆ తర్వాత ఆమెవి రోజురోజుకూ లేచాయి. నావి ఉలకలేదు, పలకలేదు. మా ఆయన గదిలోకి వచ్చి, పాపం నాకు ధైర్యం చెప్పాలనే, "ఆపా ఈరోజు రెండు చపాతీలు తినిందంట" అన్నాడు.

"అయితే పోయి ఆమెకాడనే ఉండు" అన్నాను.

ఆపాకు ఇదంతా తెలుసు. నేను దాచలేదు, ఆమె తెలియనట్టు నటించలేదు. మర్నాడు ఫోను చేసినప్పుడు నేను పొడిపొడిగా మాట్లాడితే పట్టేసింది.

"కుళ్ళుకుంటా ఉండావు గదా?"

"అట్లాంటిదేం లేదు."

"కుళ్ళుకో మ్మే, బాగా కుళ్ళుకో. పోయిన వారం నీకు కుళ్ళుకునేదానికి కూడా ఓపిక లేదు. ఇప్పుడు వచ్చిందంటే లోపల ఏదో లేస్తా ఉండాదనే."

అంత మాట అన్న మనిషి మీద ఇంకెట్లా కోపం ఉంచుకోవాలో అర్థం కాలేదు. అయినా ఉంచుకున్నాను.

ఆమెకున్న ఇంకో అలవాటు నాకు సిగ్గుగా ఉండేది. ఆ వార్డులో డాక్టర్లతోపాటు మందులు చూసే ఒక అమ్మాయి వచ్చేది. ఫార్మసిస్టు. చిత్తూరు వైపు పిల్ల, తెలుగు బాగా వచ్చు. ఏ మందు ఏ మందుతో గొడవపడుతుందో చూసి డాక్టర్లకు చెప్పడం ఆ అమ్మాయి పని. మేం రోజుకు మింగేవీ నరంలో ఎక్కించేవీ కలిపి దోసెడు మందులు. వాటిలో ఒకటి ఇంకొకదాన్ని పెంచుతుంది, మరొకటి తగ్గిస్తుంది. ఆ అమ్మాయి వచ్చిందంటే ఆపా ఏకరువు పెట్టేది. వక్కపలుకు చప్పరించిన సంగతి, దువా చదివి ఇచ్చిన నీళ్ళు తాగిన సంగతి, పంటినొప్పికి కోడలి దగ్గర లవంగం తీసుకున్న సంగతి, అన్నీ. తలుపు తెరిచి మూసేటప్పుడు ఆ మాటలు నాకు వినపడేవి.

"అవన్నీ ఎందుకు చెప్తావు ఆపా? నవ్వుకుంటారు" అన్నాను ఒకసారి.

"నోట్లోకి పోయిందంతా చెప్పాల్సిందే. సిగ్గెందుకు? వాళ్ళేమన్నా పెళ్ళిచూపులకొచ్చినారా?"

ఇంతలో నాకు ఊపిరితిత్తుల్లో ఫంగస్ పట్టింది. దానికో మందు మొదలుపెట్టారు. అసలు గొడవ ఇక్కడే వచ్చింది. కొత్త మూలుగ మన ఒంటినే పరాయిదనుకుని తిరగబడకుండా ఆపేందుకు టాక్రోలిమస్ అని ఒక మందు ఇస్తారు. వార్డులో అందరం దాన్ని టాక్రో అనేవాళ్ళం. అది రక్తంలో ఎంతుందో తరచూ పరీక్ష చేస్తారు. తక్కువైతే మూలుగ తిరగబడుతుంది. ఎక్కువైతే మూత్రపిండాలు దెబ్బతింటాయి, చేతులు వణుకుతాయి, తల తిరుగుతుంది. ఆ సన్నని గీతమీద మనిషిని నడిపించడమే వాళ్ళ విద్య.

ఒకరోజు మాటల్లో ఆపా తన మాత్రలు చెప్పుకొచ్చింది. టాక్రో పొద్దున మూడు, సాయంత్రం మూడు. నాకు పూటకొకటి.

అదే జబ్బు, అదే వార్డు, అదే డాక్టరు. ఆమెకు మూడు, నాకొకటా? నా మీద ఆశ వదిలేసుకున్నారని తీర్మానించుకున్నాను. మర్నాడు ఫార్మసిస్టు అమ్మాయి రాగానే అడిగేశాను.

"పక్కగదామెకి మూడిస్తా ఉండారు. నాకొకటి. నేను బతకననా?"

ఆ అమ్మాయి కుర్చీ లాక్కుని కూర్చుంది. "అమ్మా, మీకు ఫంగస్ మందు నడుస్తోంది. టాక్రోని ఒంట్లోంచి కరిగించి పంపే పని కాలేయానిది. ఫంగస్ మందు పోయి ఆ పనికి అడ్డం పడుతుంది. అందుకని టాక్రో త్వరగా బయటికి పోదు. ఆమెకు మూడు చేసే పని మీకు ఒక్కటే చేస్తుంది. మూడిస్తే మీకు విషమవుతుంది."

నా బస్సు గుర్తొచ్చింది. వెనక తలుపు దగ్గర ఎవరో మూట అడ్డం పెడితే దిగేవాళ్ళంతా ముందు తలుపు దగ్గర పోగవుతారు. ఇంకో స్టాపులో ఇంకో నలుగురు ఎక్కితే ఊపిరాడదు. అర్థమైంది. అర్థమైనంత మాత్రాన కుళ్ళు పోలేదు. ఆమెకు ఫంగస్ ఎందుకు రాలేదు మరి?

ఆపాకు చెబితే ఆమె తేల్చేసింది. "ఒక్కటితో సరిపోతా ఉంటే నువ్వే గెలిచినావు గదా! నేను మూడు మింగి చావాల."

ఎట్టకేలకు నా కౌంట్లు కూడా లేచాయి. నోటి పుండ్లు మానుతున్నాయి గానీ ఏది తిన్నా మట్టి నమిలినట్టే ఉండేది. తోలు మందంగా ఉన్న పండ్లు కడిగి, ఒలిచి తినొచ్చని చెప్పారు. మా ఆయన బత్తాయి తెచ్చాడు. రెండు తొనలు తిని పక్కన పెట్టాను.

ఆపాకు వరికుంటపాడులో ఉండే చెల్లెలి ఇంటినుంచి గోతాం నిండా పంపరపనస కాయలొచ్చాయి. చిన్నపిల్లల తలకాయంత ఉన్నాయట ఒక్కొక్కటి. మూలుగ ఇచ్చింది చెల్లెలే, పండ్లు పంపిందీ చెల్లెలే. మా అన్న మూలుగ ఇచ్చి పనుందని మర్నాడే బండెక్కాడు. నాకోసం గోతాంతో ఏదైనా పంపేవాళ్ళు ఎవరున్నారని ఆ సాయంత్రమంతా లెక్కేసుకున్నాను. ఆపా పులుపు ముట్టదు. అన్నీ నాకే పంపింది. కోడలు ఉప్పునీళ్ళలో కడిగి, ఎట్లా ఒలవాలో మా ఆయనకు చూపించి ఇచ్చింది.

లోపల లేత గులాబి రంగు తొనలు. మొదటి తొన నోట్లో పెట్టుకోగానే నాలుకకు ప్రాణం వచ్చింది. అన్ని రోజుల తర్వాత రుచి తెలిసింది. రోజూ అదే తిన్నాను. పొద్దున అదే, సాయంత్రం అదే. తింటూ కూడా అనుకునేదాన్ని, ఆమెకు వద్దన్నది గదా నాకొచ్చింది అని.

కొన్నాళ్ళకు చేతులు వణకడం మొదలైంది. గ్లాసు పట్టుకుంటే నీళ్ళు ఒళ్ళో పడేవి. తలనొప్పి, బీపీ. గోడమీద మర్రిపాడు రోడ్డున పోయే గొర్రెలమంద కనిపించేది. "వాటిని తోలెయ్యి" అని మా ఆయన్ని తిడుతుంటే ఆయన అటు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. రక్తంలో టాక్రో ఉండాల్సిన దానికన్నా చాలా ఎక్కువుంది. మాత్ర తగ్గించారు, అయినా దిగలేదు. పూర్తిగా ఆపేశారు. మూత్రపిండాల పరీక్ష కూడా చెడింది. డాక్టర్లు మా ఆయన్ని నిలబెట్టి అడిగారు, బయటి మందులేమన్నా ఇచ్చావా, నాటుమందు, కషాయం? ఆయన దేవుడి మీద ఒట్టేశాడు. నిజమే, ఏమీ ఇవ్వలేదు. పండు ఎవరికీ తట్టలేదు. తినకూడని వాటిలో గ్రేప్‌ఫ్రూట్ అని ఒకటి ముందే చెప్పి ఉన్నారు. మా ఆయన దాన్ని ద్రాక్ష అనుకున్నాడు. ఒక్క ద్రాక్షపండు కూడా నా దరిదాపులకు రానివ్వలేదు.

నాకు ఫోను పట్టుకునే స్థితి లేదు. ఆపా మా ఆయనకు చేసిందట.

"చేతులు వణకతా ఉండాయంటివే, ఏం తింటా ఉండాది?"

"ఇడ్లీ, జావ, నువ్వు పంపిన పండు. అంతే ఆపా."

ఆమె వెంటనే ఫోను పెట్టేసి నర్సును పిలిచి, ఫార్మసిస్టు అమ్మాయిని పిలిపించి, "పండు నేనే పంపినాను. దాంట్లో ఏమన్నా ఉండాదేమో చూడు" అని చెప్పిందట. ఆ అమ్మాయి అక్కడినుంచి నేరుగా నా గదికి వచ్చింది. మా ఆయన బుట్టలోంచి సగం ఒలిచిన కాయ తీసి చూపించాడు. ఆ అమ్మాయి తలపట్టుకుంది. గ్రేప్‌ఫ్రూట్‌కూ దీనికీ దగ్గరి చుట్టరికమట, అది ద్రాక్ష కాదట, నిమ్మజాతి పండట. ఆ గుణమే దీనికీ ఉందట. ఫంగస్ మందు ఒక తలుపుకు అడ్డం పెడితే, ఈ పండు పోయి పేగుల దగ్గర ఇంకో తలుపు మూసేసింది. లోపల ఊపిరాడలేదు.

పండు ఆగిపోయింది. టాక్రో మెల్లగా దిగింది. గొర్రెలు వెళ్ళిపోయాయి. గ్లాసు చేతిలో నిలిచింది. మూత్రపిండాలు దారికొచ్చాయని చెప్పిన పూట మా ఆయన వంటగదిలో కూలబడి ఏడ్చాడట. ఆపా కోడలే మంచినీళ్ళిచ్చిందట.

నాకు తెలివి పూర్తిగా వచ్చాక విచిత్రంగా లోపల ఒక తృప్తి పుట్టింది. మొదటిసారి ఆపా నాకు లోకువైంది. ఆమె వల్ల నేను చావు దాకా వెళ్ళొచ్చాను. ఆమె ఏడుస్తుంది, నన్ను బతిమాలుతుంది, నేను పెద్దమనసు చేసుకుని క్షమిస్తాను. ఆ మాటలు మనసులో సిద్ధం చేసి పెట్టుకున్నాను. ఫోను వచ్చింది.

"నా పండు నిన్ను మింగబోయిందంట గదా మ్మే. తిట్టు."

"పరవాలేదులే ఆపా. నీకు మాత్రం ఏం తెలుసు?" అన్నాను, దయగా.

"పరవాలేదు ఏంది? తిట్టమంటా ఉండా. లోపల పెట్టుకున్నావంటే అది కూడా పోయి ఏదో ఒక మందుతో కలిసి పొంగుతాది."

తిట్టాను. పండు గురించి మొదలుపెట్టాను గానీ పండు దగ్గర ఆగలేదు. నాకన్నా ముందు లేచిన కౌంట్లు, రెండు చపాతీలు, పూర్తిగా సరిపోయిన చెల్లెలు, గోతాం నిండా పండ్లు, అత్త కాళ్ళు పట్టే కోడలు, పూటకు మూడు మాత్రలు, ఆ నవ్వు, అన్నీ వచ్చేశాయి. గొంతు బొంగురుపోయింది. పెట్టేసిందేమో అనుకున్నాను.

"అయిపోయిందా? ఇంకా ఉండాదా?" అంది.

"ఉండాది."

"సరే, అది రేపు చెప్పు. నాకు ఇడ్లీ వచ్చింది."

నాకున్న ఒకే ఒక్క ఫిర్యాదును కూడా ఆమె అట్లా నా చేతిలోంచి తీసేసుకుంది. ఆ రోజు నాకు ఆకలేసింది. గిన్నెడు జావ తాగాను.

ఇద్దరం ఇళ్ళకు చేరాం. ఆమె నాకన్నా ముందే చేరింది, వేరే చెప్పాలా? ఆమెకు జుట్టు ఉంగరాలు తిరిగి వచ్చింది. నాకు పలచగా, నిటారుగా. కొన్నాళ్ళకు డిపోలో కూర్చుని చేసే పని ఇచ్చారు నాకు. ఆమె మాత్రం మళ్ళీ ఉలి పట్టలేదు. చెక్క పొట్టు, ఆ దుమ్ములో ఉండే బూజు ఊపిరితిత్తులకు చేటని డాక్టర్లు ఖండితంగా చెప్పారు. చిన్నప్పటినుంచి చేసిన పని, నిద్రలో కూడా చేయగలిగిన పని. మొదటిసారి ఉదయగిరి వెళ్ళినప్పుడు చూశాను. షెడ్డులో ఆడవాళ్ళు వరసగా కూర్చుని చెక్కుతున్నారు. ఆమె బయట దూరంగా, గాలి అటునుంచి ఇటు వీచనివైపు కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. అక్కడినుంచే కేకలు.

"ఆ గరిటె మెడ చూడు, కొంగకు మాదిరి! కొంచెం తగ్గియ్యి."

చేతులు ఒళ్ళో ఊరికే ఉన్నాయి. బొటనవేలు మాత్రం చూపుడువేలి మీద అదే పనిగా రుద్దుకుంటోంది. నా పని నాకు మిగిలింది, ఆమె పని ఆమెకు మిగల్లేదు. ఆ సంగతి కళ్ళతో చూస్తూ కూడా నేను అనుకున్నది ఏమిటంటే, ఇంతమంది ఆడవాళ్ళు ఒక కేక వేస్తే తలెత్తి చూస్తారు, నన్ను డిపోలో ఎవరు చూస్తారు అని.

పొద్దున ఫోను మాత్రం ఆగలేదు. కౌంట్లు పోయి మాత్రలు వచ్చాయి.

"ఏం తిన్నావు? ఏం మింగినావు?"

ఒకసారి పెళ్ళికి కలిగిరి వెళ్ళి గొంతునొప్పి తెచ్చుకున్నాను. మందుల షాపులో నేనే అడిగి మాత్రలు కొనుక్కున్నాను. పొద్దున ఫోనులో మాటవరసకు చెప్పాను.

"మింగినావా?"

"ఇంకా లేదు."

"పెద్దాసుపత్రికి ఫోన్ చేసి పేరు చదువు. వాళ్ళు సరే అంటేనే నోట్లో పెట్టుకో."

"గొంతునొప్పికి కూడానా ఆపా?"

"మనం మింగింది పండే గదా అప్పుడు?"

ఫోను చేశాను. ఆ మాత్ర వద్దన్నారు. అది కూడా టాక్రోను పెంచే రకమేనట. వేరేది చెప్పారు. ఆపాకు ఈ సంగతి వెంటనే చెప్పాలనిపించలేదు. ఆమె మాటే నిజమైందని ఒప్పుకోవడం ఎందుకని సాయంత్రం దాకా ఊరుకున్నాను. ఆమే చేసి కనుక్కుంది.

మా ఆయన ఎప్పుడో అన్నాడు, "ఆమె ఫోన్ వచ్చిందాకా నువ్వు టీ తాగవు, గమనించినావా?" అని. "చల్లారేదాకా ఆగతా ఉండా" అన్నాను.

ఉదయగిరిలో మేం బస్సు దిగేసరికి ఇంటిముందు చెప్పులే చెప్పులు. మగవాళ్ళు కబరస్తానుకు తీసుకుపోవడానికి సిద్ధమవుతున్నారు. మా ఆయన వాళ్ళతో వెళ్ళాడు. లోపల ఆడవాళ్ళ మధ్య ఆమె ముఖం చూపించారు. నాకన్నా తెల్లగా ఉంది. గోడవారన జాగా చూసుకుని కూర్చున్నాను.

ఆమె నాకు ఎంత దగ్గరిదో అక్కడ ఎవరికీ తెలియదు, నేనే చెప్పాలనుకున్నాను. పక్కన కూర్చున్న ఒక పిల్ల కొంగుతో ముఖం తుడుచుకుంటూ తనే మొదలుపెట్టింది.

"పొద్దున్నే ఫోన్ చేసేదక్కా నాకు. టీబీ మందులు మింగినావా అని. ఒక్కరోజు తప్పలా."

ఆపా చెల్లెలి ఊరు వరికుంటపాడు నుంచి వచ్చిన ఒకావిడ అందుకుంది. ఆవిడకు మూత్రపిండాల జబ్బట. "నాకూ అంతే. ఏం తిన్నావు, ఏం మింగినావు, అదే అడిగేది."

ఇంకొకామె ఉంది, షుగరు మనిషి. ఆమె కూడా తలూపింది. ఇన్నాళ్ళూ అది నా ఒక్కదాని ఫోననుకున్నాను. ఆ చావు ఇంట్లో, అందరూ ఏడుస్తున్నచోట, నేను ఆ టీబీ పిల్లను పట్టుకుని అడిగాను.

"నీకు ఎప్పుడు చేసేది?"

"తెల్లారగట్ల, ఫజర్ నమాజు కాంగానే."

నాకు బాగా తెల్లవారాక వచ్చేది. అంటే ఈ పిల్ల తర్వాతే నేను. అప్పుడు ఏడుపొచ్చింది నాకు. దేనికి ఏడ్చానో విడదీసి చెప్పలేను. పిల్ల నా భుజం మీద చెయ్యి వేసి ఓదార్చింది. ఆ చెయ్యి కూడా తోసేయాలనిపించింది, తొయ్యలేదు.

మగవాళ్ళు తిరిగొచ్చాక, జనం పలచబడ్డాక, కోడలు నా పక్కకు వచ్చి కూర్చుంది. ఆసుపత్రి వంటగదిలో ఆ అమ్మాయీ మా ఆయనా పడిన పాట్లు తలుచుకున్నాం. పండు సంగతి వచ్చింది.

"ఆరోజు నేను ఎడాపెడా తిడతా ఉంటే, ఇడ్లీ వచ్చిందని ఫోన్ పెట్టేసింది మీ అత్త" అన్నాను.

కోడలు నావైపు వింతగా చూసింది. "ఆరోజా? ఇడ్లీ ఏడొచ్చింది పిన్నీ? ఫోన్ పెట్టేసి గోడవైపుకు తిరిగి పండుకునింది. ఆ పూట ఏమీ తినలా. నీ చేతులు బాగయినాయని మీ ఆయన వచ్చి చెప్పినాడు గదా, అయినా మళ్ళీ ఒకసారి అడిగి రా, నిజంగా బాగయినాయా అని నన్ను పంపించింది."

నాకు చెప్పకుండా దాచిపెట్టుకుంది. నేను లోపలున్నదంతా కక్కి గిన్నెడు జావ తాగితే, ఆమె గోడవైపు తిరిగి పడుకుందన్నమాట. నేను ఆమె కౌంట్లు విని పడుకున్నట్టే.

సాయంత్రం బస్సుకు ఇంకా వ్యవధి ఉంది. పెరట్లో కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళాను. అక్కడ తాడు మీద మాస్కులు ఆరేసి ఉన్నాయి. మాకు బయటికి వెళితే మాస్కు తప్పదు. నేను మందుల షాపులో దొరికే నీలం రంగువే వాడతాను. ఆపా తన జాకెట్లు కుట్టగా మిగిలిన గుడ్డలతో కుట్టించుకునేది. ఏ చీరకు ఆ మాస్కు. ఆకుపచ్చది, మెరూను రంగుది, చుక్కలది. జ్వరం రాకముందు ఉతికి ఆరేసినవి, తీయడం ఎవరికీ గుర్తులేదు. ఎంత ముచ్చటగా ఉన్నాయో. నాకు ఒకటి కావాలనిపించింది. అడగలేదు.

కోడలు వచ్చి క్లిప్పులు తీసి ఒక్కొక్కటే మడిచి చేతిమీద వేసుకుంది. చివరిదాని దగ్గర ఆగింది. దాన్ని ముఖానికి ఆనించుకుని కాసేపు నిలబడింది. ఏమనుకుందో, మళ్ళీ తాడుకే తగిలించి లోపలికి వెళ్ళిపోయింది. బస్సొచ్చే వేళైందని మా ఆయన వాకిట్లోంచి పిలిచాడు. నేను కదల్లేదు. చిన్న చిన్న పసుపు పూలున్న గుడ్డ అది. కొండవైపు నుంచి గాలి వచ్చినప్పుడల్లా ఉబ్బుతోంది, మళ్ళీ అణుగుతోంది.